ఇంటి క్రింది పాతర

అచ్చంపేట ప్రాంతమున పాత మిద్దెలను పడగొట్టి క్రొత్త ఇండ్లు కట్టునపుడు ఒక్కొక్కచోట గడ్డపార నేలలోనికి దిగబడి, అడుగున బోలుగా మ్రోగును. పనివారు చేయి ఆపి ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. ధనపు బిందెలు దొరకునేమోయని పిల్లలకు ఉత్సాహము కలుగును. ఇంటి పెద్దవారు మాత్రము, "అది పాతర బిడ్డా, ఎవ్వరూ దిగకుండ్రి" అని వారింతురు. ఆ ఒక్క హెచ్చరిక వెనుక ఎన్నో తరముల అనుభవమున్నది. అందులో కొంత తిండి చరిత్ర, కొంత మరణ చరిత్ర. ఆ రెంటిని గూర్చియే ఈ ప్రసంగము.

పాతర యనగా ధాన్యమును నిలువచేయుటకై భూమిలో త్రవ్విన గొయ్యి. పాతుట అను క్రియకు ఈ మాట దగ్గరి చుట్టము. మన పల్లెలలో ఎవరినైనను మిక్కిలి కోపముతో బెదిరించునపుడు "పాతర వేసెదను" అందురు. ధాన్యమును దాచుటకును, మనిషిని పూడ్చుటకును మన భాష ఒకే మాటను వాడుచున్నది. ఇది యాదృచ్ఛికమే కావచ్చును. కాని పాతర నోరు తెరచిన వారికి ఈ రెండర్థములును ఎంత దగ్గరివో తెలియును.

నల్లమల కొండల ఉత్తరపు అంచున ఉన్న అచ్చంపేట 2016వ సంవత్సరమున ఏర్పడిన నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. అంతకు ముందు అది మహబూబునగరు జిల్లాలోనిది. ప్రజలు ఆ జిల్లాను పాలమూరు అనియే పిలుతురు. ఇది మెట్టసీమ. చల్క నేలలు, మొరపు దిబ్బలు, నడుమ నడుమ రేగడి చెలకలు. జొన్న, సజ్జ, కొఱ్ఱ, ఆముదము ఇచ్చటి పాత పంటలు. ఇచ్చట వానను నమ్మి కూర్చుండుటకు వీలులేదు. ఒక ఏడు గింజలు నిండుగా పండును; మరుసటి రెండేండ్లు ఆకాశము వైపు చూచుటయే పని అగును. అట్టి చోట పండిన ఏటి గింజను పండని ఏటికి దాచుకొనుటయే సంసారము. ధాత నామ సంవత్సరమున, అనగా 1876లో మొదలై 1878 వరకు దక్కనును పీడించిన మహాక్షామము వంటివి వచ్చినపుడు, దాచిన గింజ ఉన్న ఇల్లు నిలిచెను; లేని ఇల్లు వలస పోయెను.

గింజను దాచుటకు మన ఇండ్లలో పలు సాధనములుండెను. కొద్దిపాటి గింజలకు మట్టి కాగులు, బానలు. అంతకు మించినచో అల్లి పేడతో మెత్తిన గుమ్మి. ఇంకను మించినచో గరిసె. పుట్ల కొలది జొన్నలు గల మోతుబరులకును, దొరల గడులకును పాతరలు. గుమ్మికి నిప్పు భయము, ఎలుక భయము, దొంగ భయము కలవు. పాతరకు ఈ మూడును లేవు. పైన అరుగో, పశువుల కొట్టమో, వాకిలియో ఉండును. క్రింద రెండేండ్ల గ్రాసముండును. తెలిసినవారికి తప్ప తెలియదు.

పాతరను త్రవ్వుటకు నేలను ఎంచుట ఒక విద్య. రేగడి పనికిరాదు; అది వానకు ఉబ్బి ఎండకు పగులును. నీటి ఊట దగ్గరగా ఉన్న పల్లమును పనికిరాదు. గట్టి మొరపు మిట్ట తగినది. నోరు ఒక మనిషి పట్టునంత ఇరుకుగాను, కడుపు కుండవలె వెడల్పుగాను ఉండునట్లు త్రవ్వుదురు. లోపల మంటవేసి గోడల తేమ ఆర్చుదురు. అడుగునను చుట్టును గడ్డియు, చొప్పయు దట్టముగా పరతురు. చెదలకు, పురుగునకు విరుగుడుగా బూడిదయు వేపాకును వేయుదురు. బాగుగా ఎండిన గింజను మాత్రమే పోసి, పైన మరల గడ్డి పరచి, బండ మూసి, మట్టియు పేడయు కలిపి మెత్తుదురు. గాలి చొరరాదు, నీరు చొరరాదు. పాతర మర్మమంతయు ఈ మూతలోనే ఉన్నది.

ఇచ్చట కొంచెము శాస్త్రము చెప్పక తప్పదు. ఎండిన గింజ చచ్చినది కాదు. అది మిక్కిలి మెల్లగా ఊపిరి తీయుచుండును. గింజను పట్టియుండు బూజును, పురుగును ఊపిరి తీయుచుండును. మూసిన పాతరలో ఉన్న కొద్దిపాటి ఆమ్లజనిని ఇవన్నియు కలిసి వాడుకొని, దానికి మారుగా బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆమ్లజని తగ్గిన కొలదియు పురుగు చచ్చును, బూజు ఆగిపోవును, గింజ నిదురించును. పాతరలో జొన్న ఏండ్ల తరబడి చెడకుండుటకు కారణమిదియే. మందులేదు, యంత్రములేదు, గాలిని అడ్డగించుటయే ఉపాయము. నేడు శాస్త్రజ్ఞులు గాలి చొరని సంచులలో గింజను నిలువచేయుడని రైతులకు చెప్పుచున్నారు. ఆ సంచులు చేయు పని మన పాతర చేసిన పనియే.

అయితే పురుగును చంపిన గాలి మనిషిని విడుచునా? మనము పీల్చు గాలిలో ఆమ్లజని నూటికి 21 పాళ్ళు. బొగ్గుపులుసు వాయువు నూటికి ఒక పాలులో ఇరువదవ వంతు కూడ లేదు. ఆమ్లజని 10 పాళ్ళకు దిగినచో మనిషి తెలివి తప్పును. బొగ్గుపులుసు వాయువు 10 పాళ్ళకు పెరిగినను అంతే; కొద్ది నిమిషములలోనే పడిపోవును. ఈ వాయువు మామూలు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. అందుచే మూత తీసినంత మాత్రమున అది పైకి లేచి పోదు. బావిలో నీరువలె అడుగుననే నిలిచియుండును. దానికి రంగు లేదు. ముక్కునకు తెలియు వాసన లేదు. దిగినవాడు కేకవేయుటకైన వ్యవధి లేక కూలిపోవుట ఇందువలననే.

ఈ ప్రమాదము మన ఒక్క సీమదే కాదు. క్రీస్తునకు పూర్వము 37వ సంవత్సరమున రోము దేశీయుడైన వర్రో అను పండితుడు వ్యవసాయమును గూర్చి ఒక గ్రంథము రచించెను. కప్పదోకియ, థ్రేసు, స్పెయిను దేశములలో ధాన్యమును గోతులలో దాచుదురనియు, అట్లు దాచిన గోధుమ 50 ఏండ్లును, చిరుధాన్యము 100 ఏండ్లకు పైగాను నిలుచుననియు అందు వ్రాసెను. అంతటితో ఆగలేదు. గోతిని తెరచిన వెంటనే దిగరాదనియు, అట్లు దిగినవారు కొందరు ఊపిరాడక పోయిరనియు, కొంత కాలము గడచిన పిమ్మటనే గింజ తీయవలెననియు హెచ్చరించెను. రెండువేల యేండ్లకు పూర్వమే తెలిసిన సంగతి ఇది. ఆ గాలి ఏమియో మాత్రము లోకమునకు చాల కాలము తెలియలేదు. 1754వ సంవత్సరమున ఎడింబరో నగరమున జోసెఫ్ బ్లాక్ అను వైద్య విద్యార్థి తన పరిశోధన వ్యాసమున, మామూలు గాలికంటె వేరైన ఈ వాయువును గుర్తించి చెప్పెను. మన పాలమూరు పెద్దలకు బ్లాకు తెలియదు, వర్రో తెలియదు. కాని "పాతరలో గాలి చెడియుండును" అను మాట తెలియును. ఆ మాటకు వారు చెల్లించిన వెల ఎంతయో ఏ లెక్కలోను లేదు.

పాతర తీయుటకు పెద్దలు పాటించిన పద్ధతి ఇట్లుండెను. మొదట మూత తొలగించి ఒక పగలైనను, రెండు పగళ్ళైనను నోరు తెరచి ఉంచుదురు. పైనుండి అందినంతవరకు గింజను చేదుదురు. గంపతోనో కంబళితోనో విసరి లోపలి గాలిని కదలించుదురు. త్రాట దీపము కట్టి దించుదురు. దీపము కొండెక్కినచో ఎవ్వరును దిగరు. దీపము నిలిచినచో, నడుముకు మోకు కట్టుకొని ఒకడు దిగును. ఇద్దరు ముగ్గురు పైన మోకు పట్టుకొని మాటలాడించుచుందురు. మాట ఆగినచో మోకు లాగవలెను. 1889లో మన ఇల్లెందు వద్ద సింగరేణి బొగ్గు త్రవ్వకము మొదలగునప్పటికే ప్రపంచమున గనిపనివారు దీపపు వెలుగు మందగించుటను చూచి చెడుగాలిని పసికట్టుచుండిరి. పల్లెటూరి పాతర దీపమును, గని దీపమును ఈ పనిలో అన్నదమ్ములు.

అయినను దీపమును పూర్తిగా నమ్మరాదని నేడు మనకు తెలియును. ఆమ్లజని 16 పాళ్ళకు దిగిన తరువాతనే సాధారణముగా దీపమారును. అప్పటికే మనిషి బుద్ధి మందగించి యుండును. ఆమ్లజని చాలినంత ఉండియు బొగ్గుపులుసు వాయువు మిక్కుటముగా ఉన్నచోట దీపము వెలుగుచుండగనే మనిషి పడిపోవచ్చును. దీపమారినచో దిగకూడదు అనునది సత్యము. దీపము వెలిగినచో దిగవచ్చును అనునది మాత్రము సత్యము కాదు.

ఇంకొక సంగతి చెప్పవలసియున్నది. పాతర దొరది, దిగువాడు జీతగాడు. గింజ ఎన్ని పుట్లు పోసినారో, నాగుల క్రింద ఎవరెవరికి ఎంతెంత ఇచ్చినారో కరణముల లెక్కలలో ఉండును. వానకాలపు ఆకలికి గింజ అప్పు తీసికొని, పంటనాడు వడ్డీతో గింజయే కొలుచుటకు నాగు అని పేరు. దిగినవాని పేరు ఆ లెక్కలలో ఎక్కదు. అంతకంటె విషాదమైనది మరియొకటి కలదు. మొదటివాడు పడిపోయినపుడు వానిని రక్షింపవలెనని రెండవవాడు దూకును. అతడు తమ్ముడో, కొడుకో, తోటి జీతగాడో అయియుండును. వాడును పడును. మూడవవాడు దూకును. మూసిన గోతుల మరణములు ఎచ్చట జరిగినను ఒకటితో ఆగకపోవుట తరచుగా కనబడును. చంపినది విషవాయువు, చావును పెంచినది ప్రేమ.

పాతరల కాలము ఎట్లు ముగిసినది? రెండవ ప్రపంచయుద్ధ కాలమున నిజాము రాజ్యమున ప్రభుత్వము రైతులవద్ద లెవీ గల్లా వసూలు చేసెను. చిన్న రైతు కళ్ళములోని గింజ కొలతకు దొరకును. పెద్ద ఇంటి పాతరలోనిది దొరకదు. ఈ అన్యాయము కూడ తెలంగాణమున 1946 నుండి 1951 వరకు సాగిన పోరాటమునకు ఆజ్యము పోసెను. నల్లగొండ ప్రాంతమున దొరల ధాన్యమును సంఘమువారు పట్టి పంచిరి. స్వాతంత్ర్యానంతరము కాలము మారెను. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థయు, 1965లో భారత ఆహార సంస్థయు ఏర్పడెను. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను; నల్లగొండ మెట్టలకు వరి వచ్చెను. పాలమూరు చెలకలలో జొన్న తగ్గి వేరుసెనగ, ప్రత్తి పెరిగెను. ఇవి పాతరలో పోయు పంటలు కావు. కోసిన వెంటనే బజారునకు పోవునవి. ఇంటికి కావలసిన బియ్యము చౌక దుకాణమున దొరకసాగెను. పాతరను ఎవ్వరును మూసివేయలేదు, మరచిపోయిరి అంతే. నోటిపై బండ ఉండిపోయెను. బండపై మట్టి చేరెను. మట్టిపై క్రొత్త గచ్చు వచ్చెను.

మరచిన నిలువ ఎంత కీడు చేయునో తెలియుటకు సముద్రముల కావలకు ఒకసారి చూపు సారింతము. మన తెలుగు కుటుంబములు వేలకొలది స్థిరపడిన అమెరికా దేశపు ఈశాన్య రాష్ట్రములలో, న్యూజెర్సీ, మసాచుసెట్సు మొదలగుచోట్ల, చలికాలము కఠినమైనది. అచ్చట ఇంటి అడుగున నేలమాళిగ ఉండును. మనకు గింజ ఎట్టిదో వారికి చలిలో ఇంధనమట్టిది. రెండవ ప్రపంచయుద్ధానంతరము వారు బొగ్గు పొయ్యిలను విడిచి నూనె పొయ్యిలు పెట్టుకొనిరి. నేలమాళిగలో 275 గ్యాలనులు, అనగా సుమారు 1,040 లీటరులు పట్టు ఉక్కు తొట్టి సామాన్యము. గోడగుండ వీథివైపునకు రెండు గొట్టములు పోవును. ఒకటి నూనె పోయుటకు, రెండవది లోపలి గాలి వెడలుటకు. నూనె నిండుచుండగా వెడలు గాలికి ఒక ఈల మ్రోగును. ఈల ఆగినచో తొట్టి నిండినదని నూనెవాడు బయటనుండియే గ్రహించును. 1973లో నూనె ధర మండిపోయిన పిమ్మట చాలమంది సహజవాయువునకు మారిరి. తొట్లు మాత్రము ఎన్నో ఇండ్లలో అట్లే ఉండిపోయెను. పాతరకు పట్టిన గతియే వానికిని పట్టెను.

ఏండ్లు గడచిన పిమ్మట తొట్టి అడుగున చేరిన నీరు ఉక్కును తినివేయును. మిగిలిన నూనె కారి నేలలో ఇంకును. కావున ఆ ఇండ్లు కొన్నవారు తొట్టిని తీయింపవలసి వచ్చును. తీయు పద్ధతి చూడుడు. మొదట మిగిలిన నూనెను తోడివేయుదురు. గాలి ధారాళముగా ఆడునట్లు చేయుదురు. పొయ్యి, దీపము, నిప్పురవ్వ దరికి రానీయరు. పిమ్మట తొట్టిని కోసి, అడుగున పేరుకొన్న మడ్డిని గోకి, ముక్కలుగా పైకి మోయుదురు. మడ్డిని ఎచ్చటబడిన అచ్చట పారవేయరాదు. దానికై ఏర్పరచిన చోటికే పంపవలెను. నేలలో పాతిన పెద్ద తొట్లను కోయుటకు ముందు వానిలో ఎండుమంచు వేయుట ఒక పద్ధతి. ఎండుమంచనగా గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువే. అది ఆవిరియై తొట్టినిండ నిండి, ఆమ్లజనిని వెడలగొట్టి, మంట అంటకుండ చేయును. మన పాతరలో మనిషిని చంపిన వాయువే అచ్చట మనిషిని మంటనుండి కాపాడుచున్నది. కాని అట్టి తొట్టిలోనికి తల దూర్చినవాడు పాతరలో దిగినవానివలెనే పడిపోవును.

అన్నిటికంటె గమనింపదగినది చివరి పని. తొట్టితోబాటు గోడలోని గొట్టమును కూడ తీసివేయవలెను. తొట్టిని తీసి గొట్టమును మరచిన ఇండ్లు కొన్ని అచ్చట ఉండెను. నూనెబండివాడు ఇల్లు పొరబడి, ఆ గొట్టమున నూనె విడువగా, తొట్టి లేని నేలమాళిగలో వందల గ్యాలనులు నిండి ఇల్లు పనికిరాకపోయిన సందర్భములు కలవు. ఒక నిలువను తొలగించుట యనగా దానిని ఖాళీ చేయుట మాత్రమే కాదు. దానికి పోవు దారులను కూడ మూయుట.

ఇచ్చట ఒక భేదము గుర్తుంచుకొనవలెను. పాతరకు దీపము కొంత మిత్రము. నూనె తొట్టికి దీపము పరమ శత్రువు. మన ఇండ్లలో ఇప్పుడు పాతరకు మారుగా వచ్చిన మరుగు తొట్టి, అనగా సెప్టిక్ ట్యాంకునకును దీపము శత్రువే. అందు మండు వాయువును, విషవాయువును రెండును ఉండును. ఈ తొట్లలో దిగి చనిపోవుచున్నవారు నేటికిని ఉన్నారు. రక్షణ సాధనములు లేక వానిలో మనుషులను దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. ఇట్టి మరణములకు 10 లక్షల రూపాయల పరిహారము ఈయవలెనని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పి, 2023లో దానిని 30 లక్షలకు పెంచినది. పాతర లెక్కలలో ఎక్కని పేరు నేడు న్యాయస్థానపు లెక్కలో ఎక్కుచున్నది. ఎక్కవలసిన అవసరమే లేకుండిన ఎంత బాగుండును!

మీ ఇంట పాతర బయటపడినచో చేయవలసినది కష్టమైనది కాదు. ఎవ్వరిని దిగనీయకుడు. పిల్లలను, పశువులను దూరముగా ఉంచుడు. మూతను పూర్తిగా తొలగించి, చుట్టును కంచె కట్టుడు. దిగవలసిన అవసరమే రాకుండ పైనుండియే పని చేయుట మేలు. ఇరుకు నోటిని బయటనుండి పగులగొట్టి వెడల్పు చేసినచో గాలియు వెలుతురును లోనికి పోవును. తప్పక దిగవలసినచో, గాలిని కొలుచు పరికరమును, గాలిని ఊదు యంత్రమును, మోకును తెచ్చు నేర్పరులే దిగవలెను. లోపల పాత గింజ మిగిలియున్నచో మనుషులు గాని పశువులు గాని తినరాదు. బూజు విషము దానిలో ఉండవచ్చును. గోతిని మొరముతో జానెడు జానెడు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిపరచి పూడ్చుడు. ఒక్కసారి మట్టి కుమ్మరించి పైన స్తంభము నిలిపినచో ఇల్లు క్రుంగును. మేస్త్రికి ఆ చోటు ముందుగానే చూపుడు. ఎవరైనను లోపల పడినచో ఎంతటి ఆప్తులైనను వెంట దూకకుడు. లోనికి గాలి ఆడునట్లు చేయుచు అగ్నిమాపక దళమునకు 101 సంఖ్యపై తెలుపుడు.

పాతర మన పెద్దల దూరదృష్టికి గుర్తు. కరవు కాలమున ఎన్నో ఇండ్ల పొయ్యి ఆరకుండ చేసినది ఆ చీకటి గొయ్యియే. దానిని తలచుకొనునపుడు నిలువ ఉంచిన యజమానిని మాత్రమే గాక, మోకు కట్టుకొని దిగిన జీతగానిని కూడ తలచుకొందము. పూడ్చునపుడు గింజ లేని గోతిని పూడ్చుదము, మనిషిని కాదు. ముందు గాలి పోవలెను, తరువాతనే మనిషి పోవలెను. ఎన్నో తరములు ప్రాణములిచ్చి నేర్చుకొన్న ఈ మాట మన పిల్లలకు ప్రాణములీయకుండ అందవలెను.